చదువుకు చేసిన అప్పు: బాకీ ఎవరిది?

మన ప్రాంతంలో తొలకరి రోజులు రెండు అప్పుల రోజులు. విత్తనాలకు, ఎరువులకు, దున్నకానికి చేసే అప్పు ఒకటి. పిల్లల కాలేజీ ఫీజులకు చేసే అప్పు రెండవది. మొదటిది వాన మీద నమ్మకంతో చేస్తాం. రెండవది బిడ్డ మీద నమ్మకంతో చేస్తాం. మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే రైతు గాని, రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీ గాని, సూర్యాపేట దుకాణంలో గుమాస్తా గాని, ఈ రెండవ అప్పు దగ్గరకు వచ్చేసరికి అందరి పరిస్థితీ ఒక్కటే.

ఈ సొమ్ము ఎక్కడి నుండి వస్తుందో మీకు తెలుసు. మెడలోని పుస్తెలతాడు తాకట్టు పెట్టిన తల్లులున్నారు. మహిళా సంఘంలో తీసుకున్న అప్పును ఫీజుకు మళ్ళించిన వారున్నారు. తొందరపడి చిట్టీ పాడి, రావలసిన దానిలో ఎంతో పోగొట్టుకున్నవారున్నారు. వడ్లు నీకే అమ్ముతానని మాట ఇచ్చి వ్యాపారి దగ్గర ముందుగా సొమ్ము తెచ్చుకున్నవారున్నారు. ఇవేవీ లేనివారు నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి ప్రోనోటు రాసి ఇస్తారు.

ఇళ్ళు సందర్శించే గురువులను మన విశ్వాసులు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఫాదర్, పిల్లల చదువు కోసం అప్పు చేయడం తప్పా?" ఇది మంచి ప్రశ్న. అయితే దీని వెనుక మరొక ప్రశ్న దాగి ఉంది. దానిని మనం సాధారణంగా అడగం. ఆ అప్పు ఎవరిది? ఇచ్చినవానికి తండ్రి బాకీ, సరే. కాని ఆ చదువు చదివిన బిడ్డ తండ్రికి బాకీయా? మన ఇళ్ళలోని ఎన్నో కన్నీళ్ళకు కారణం ఈ రెండవ ప్రశ్నకు మనం తెలియకుండానే ఇచ్చుకున్న జవాబు అని నాకు అనిపిస్తుంది.

అప్పు చేయడం తప్పా?

మొదటి ప్రశ్నకు జవాబు సూటిగానే చెప్పవచ్చు. అప్పు చేయడం పాపం కాదు. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం (29వ అధ్యాయం) అవసరంలో ఉన్న పొరుగువానికి అప్పివ్వడాన్ని కనికరంతో కూడిన పనిగా చెబుతుంది. తీసుకున్నవాడు గడువుకు తీర్చాలని కూడా అక్కడే హెచ్చరిస్తుంది. ఇక చదువు విషయానికి వస్తే, బిడ్డలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని రెండవ వాటికను మహాసభ 1965లో క్రైస్తవ విద్యను గురించిన ప్రకటనలో బోధించింది. తల్లిదండ్రులు ఈ బాధ్యతను నెరవేర్చేలా తోడ్పడటం సమాజం విధి అని కూడా చెప్పింది.

కాబట్టి ఈ అప్పు భారం తల్లిదండ్రుల అవివేకం వల్ల మాత్రమే వచ్చిందని అనడం న్యాయం కాదు. 2008లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును విస్తరించినప్పుడు ఎన్నో పేద ఇళ్ళ నుండి తొలిసారిగా ఇంజనీర్లు వచ్చారు. తరువాత ఆ సొమ్ము సకాలంలో అందక బకాయిలు పేరుకుపోయాయి. 2025 నవంబరులో ఆ బకాయిల కోసం తెలంగాణలోని ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసి నిరసన తెలిపే దాకా వచ్చింది. ప్రభుత్వం నుండి రావలసింది రాకపోతే కాలేజీ వారు అడిగేది తండ్రినే. మన విచారణలలోని దళిత కుటుంబాలకు మరొక చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. వారిని బి.సి.లలో 'సి' గ్రూపుగా చేర్చి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. ఒకే వాడలో, ఒకే కూలికి వెళ్ళే రెండు ఇళ్ళలో, ప్రభువును నమ్మిన ఇంటికి ఫీజు భారం ఎక్కువ కావచ్చు. ఈ అన్యాయాన్ని గురించి శ్రీసభ అడుగుతూనే ఉంది, అడుగుతూనే ఉండాలి.

అయితే తప్పు కానిదంతా వివేకం కూడా కాదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి, ముగించడానికి తన దగ్గర తగినంత ఉన్నదో లేదో లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగారు (లూకా 14:28-30). మనమూ కూర్చుండి ఒక లెక్క చూద్దాం.

ఏటా లక్ష రూపాయల చొప్పున నాలుగేళ్ళు, నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చారనుకోండి. మొదటి లక్షకు నాలుగేళ్ళ మిత్తి 96,000. రెండవ లక్షకు మూడేళ్ళది 72,000. మూడవ దానికి 48,000, నాలుగవ దానికి 24,000. మొత్తం 2,40,000. పట్టా చేతికి వచ్చే నాటికి నాలుగు లక్షల అప్పు 6,40,000 అయి కూర్చుంటుంది. ఇది బారువడ్డీ లెక్క. ఏటేటా నోటు తిరగరాసి మిత్తిని అసలులో కలిపితే ఇంకా పెరుగుతుంది. ఉద్యోగం దొరికే దాకా మిత్తే నెలకు 8,000. అదే సొమ్ము బ్యాంకులో ఏడాదికి నూటికి పది రూపాయల వడ్డీకి దొరికితే నాలుగేళ్ళకు బారువడ్డీ లక్ష రూపాయలే.

బ్యాంకుల విద్యారుణ పథకం 2001 నుండి ఉంది. నాలుగు లక్షల వరకు సాధారణంగా భూమి తాకట్టు అడగకూడదు. చదువు ముగిసిన తరువాత కొంత గడువు ఇచ్చి వాయిదాలు మొదలుపెడతారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన విద్యాసంస్థలలో సీటు వచ్చినవారికి తాకట్టు లేకుండా అప్పు దొరుకుతుంది. బ్యాంకు మేనేజరు గది ముందు నాలుగుసార్లు నిలబడటం కష్టమే. ప్రోనోటు మీద సంతకం పది నిమిషాల పని. కాని ఆ పది నిమిషాల సుఖానికి పదేళ్ళు మూల్యం చెల్లించవలసి వస్తుంది.

అప్పు ఇచ్చేవారికి ఒక మాట

మిత్తికి ఇచ్చేవారు వేరే లోకంలో లేరు. వారిలో కొందరు మనతోపాటే దివ్యబలిపూజలో పాల్గొంటారు. కనుక వారితో కూడా మాట్లాడాలి. పునీత తోమాసు అక్వీనాసు వారు ధనం మీద వడ్డీ తీసుకోవడం న్యాయానికి విరుద్ధమని వాదించారు. తరువాతి కాలంలో శ్రీసభ, అప్పిచ్చినవాడు నిజంగా నష్టపోయిన దానికి పరిహారం తీసుకోవడం వేరు, ఎదుటివాని అవసరాన్ని పిండుకోవడం వేరు అని వివరించింది. 1745లో 14వ బెనెడిక్టు పోపుగారి లేఖ ఈ విషయం మీదనే వెలువడింది. నేటి సత్యోపదేశ గ్రంథం (2269) మరింత గట్టిగా చెబుతుంది. దురాశతో కూడిన వడ్డీ వ్యాపారం ఆకలికి, చావుకు దారి తీస్తే అది పరోక్షంగా నరహత్యే.

నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం చదవండి. పొలాలు, ఇళ్ళు కుదువపెట్టి, చివరకు కొడుకులను కూతుళ్ళను దాస్యానికి అప్పగించవలసి వచ్చిందని పేదలు మొరపెట్టుకున్నారు. అప్పిచ్చినవారు పరాయివారు కారు, సొంత యూదులే. నెహెమ్యా కోపగించి వారందరినీ సమావేశపరచి, తీసుకున్న పొలాలను, వడ్డీని తిరిగి ఇప్పించాడు. ఈ కథ మన ఊరిది కాదని ఎవరైనా అనగలరా?

బిడ్డ బాకీదారుడా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ వడ్డీని గురించి రాస్తూ ఒక సంగతి గుర్తుచేశాడు. గ్రీకు భాషలో వడ్డీకి వాడే మాటకు 'సంతానం' అని కూడా అర్థం. డబ్బు డబ్బును కంటుంది కనుక ఆ పేరు వచ్చిందని, అందుకే అది ప్రకృతికి విరుద్ధమని అతని వాదన. అదే అరిస్టాటిల్ తల్లిదండ్రులకు, బిడ్డలకు మధ్య ఉన్న సంబంధాన్ని చర్చిస్తూ, తండ్రి నుండి పొందిన దానికి సమానమైనది కొడుకు ఎన్నటికీ తిరిగి ఇవ్వలేడని అన్నాడు. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. వడ్డీ డబ్బుకు పుట్టిన సంతానం కావచ్చు. కాని సంతానం డబ్బుకు పుట్టిన వడ్డీ కాదు.

అప్పు అనేది ఒక ఒప్పందం. ఇద్దరు మనుషులు తెలిసి, ఒప్పుకుని చేసుకుంటారు. ఇంత తీసుకున్నాను, ఇంత ఇస్తాను అని లెక్క ఉంటుంది. బిడ్డ అలా మన ఇంటికి రాలేదు. ఏ నోటు మీదా సంతకం చేసి తల్లి ఒడిలోకి చేరలేదు. జన్మ, పాలు, మాట, జ్ఞానస్నానం, జపం, ఇవన్నీ అడగకుండానే ఇచ్చాం. చదువు ఆ వరుసలోనిదే. అందుకే పునీత పౌలు గారు, బిడ్డలు తల్లిదండ్రుల కోసం కూడబెట్టడం కాదు, తల్లిదండ్రులే బిడ్డల కోసం కూడబెట్టాలని కొరింతీయులకు రాశారు (2 కొరింతీ 12:14). తోమాసు వారు దీనిని వివరిస్తూ, తండ్రి మూలం, బిడ్డ ఆ మూలం నుండి వచ్చినవాడు, కనుక మూలం నుండి బిడ్డకు పోషణ అందడం స్వభావసిద్ధం అంటారు. తండ్రి అవసరంలో పడినప్పుడు బిడ్డ ఆదుకోవాలి, అదీ విధే, కాని అది అవసరాన్ని బట్టి వచ్చే విధి.

మరి మనం ఏం చేస్తున్నాం? బయట రాసిన ప్రోనోటుకు ఇంట్లో నకలు తీసి బిడ్డ చేతికి ఇస్తున్నాం. "నీ కోసం ఎంత పెట్టామో తెలుసా?" అని అన్నం ముందు కూర్చోగానే మొదలుపెడతాం. ఏ కోర్సు చదవాలో బిడ్డ తెలివిని బట్టి, ఆసక్తిని బట్టి కాక, ఏది తొందరగా అప్పు తీరుస్తుందో దానిని బట్టి నిర్ణయిస్తాం. ఒక సబ్జెక్టు తప్పితే అది బిడ్డకు అపజయంలా కాక, ఇంటిని ముంచిన నేరంలా కనిపిస్తుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన తరువాత మన రాష్ట్రంలో సుమారు ఇరవై మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. వారి ఇళ్ళలో ఏం జరిగిందో తీర్పు చెప్పడం నా పని కాదు. కాని తన ప్రాణం కంటే తన మార్కులే ఇంటికి ముఖ్యం అని ఏ బిడ్డా అనుకునే పరిస్థితి రాకూడదు.

రాజుల రెండవ గ్రంథంలో (4:1-7) ఒక విధవ ఎలీషా ప్రవక్త దగ్గరకు పరుగెత్తుకు వస్తుంది. అప్పులవాడు తన ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడని ఏడుస్తుంది. ఆ తల్లి బిడ్డలను అప్పు నుండి కాపాడుకోవడానికి పరుగెత్తింది. మనం మాత్రం తెలియకుండానే మన బిడ్డలను మనమే తాకట్టు పెడుతున్నాం.

ఈ తాకట్టు వల్ల జరిగే మరొక ఘోరం గురించి చెప్పక తప్పదు. "అప్పు చేసి చదివించాం, ఆ మాత్రం కట్నం తీసుకోకపోతే ఎలా?" అనే మాట కతోలిక ఇళ్ళలో కూడా వినబడుతోంది. కట్నం 1961 నుండి చట్టరీత్యా నేరం. నేరం సంగతి అటుంచి, న్యాయం సంగతే ఆలోచించండి. కొడుకు చదువును అప్పుగా లెక్కవేసినందువల్ల ఆ బాకీని ఇప్పుడు ఎవరు తీరుస్తున్నారు? ఆ ఫీజుతో ఏ సంబంధమూ లేని ఒక ఆడపిల్ల తండ్రి! అతడు ఆ కట్నం కోసం మళ్ళీ నూటికి రెండు రూపాయలకు నోటు రాస్తాడు. ఆ భయంతోనే తన కూతురిని డిగ్రీ మధ్యలో మాన్పిస్తాడు. ఒక ఇంటి అబ్బాయి పట్టా మరో ఇంటి అమ్మాయి చదువును మింగేస్తుంది. బిడ్డకు ఇచ్చిన వరాన్ని బాకీగా మార్చితే, ఆ బాకీ ఇలా ఇల్లిల్లూ తిరుగుతుంది.

అయితే బిడ్డకు బాధ్యత లేదా?

"ఫాదర్ చెప్పారు, మేము బాకీ లేము" అని యువతీ యువకులు సంతోషపడకండి. బాకీ లేకపోవడం అంటే బాధ్యత లేకపోవడం కాదు. దేవునికి అర్పించేశామన్న సాకుతో తల్లిదండ్రులను ఆదుకోకుండా తప్పించుకునేవారిని ప్రభువు తీవ్రంగా మందలించారు (మార్కు 7:9-13). నాలుగవ ఆజ్ఞకు గడువు లేదు. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉద్యోగం చేస్తూ, తండ్రి ఇంకా మిత్తి కడుతూ ఉంటే చూసీ చూడనట్టు ఉండే కొడుకు గాని కూతురు గాని ఏ పూజలో పాల్గొంటే ఏమి లాభం?

బాకీకి, కృతజ్ఞతకు ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. బాకీ తీరితే సంబంధం తెగుతుంది. నోటు చింపేసుకుని ఎవరి దారిన వారు పోతారు. కృతజ్ఞత అలా కాదు, ఇచ్చేకొద్దీ పెరుగుతుంది. తల్లిదండ్రులారా, చదువును బాకీగా చూపిస్తే మీరే నష్టపోతారు. బాకీదారుడుగా పెరిగిన కొడుకు నెలనెలా డబ్బు పంపి, "నా లెక్క తీరింది" అంటాడు. మీకు జ్వరం వచ్చినప్పుడు రాడు. బిడ్డగా పెరిగినవాడు డబ్బు పంపలేని నెలలో కూడా వస్తాడు.

మరి బిడ్డకు అప్పు సంగతి దాచాలా? దాచకూడదు. అది కూడా అబద్ధమే అవుతుంది. దానికి సమయం ఉంది. కాలేజీలో చేర్చక ముందు, ఇంటిల్లిపాది కూర్చుని, మన దగ్గర ఇంత ఉంది, ఇంత తేవాలి, ఇంత కంటే తేలేము అని చెప్పండి. బిడ్డ ఏమంటుందో వినండి. ప్రభుత్వ కాలేజీలో చదువుతాననో, వేరే కోర్సు తీసుకుంటాననో ఆ బిడ్డే అనవచ్చు. ముందు చెబితే అది ఆలోచన. తరువాత చెబితే అది దెప్పిపొడుపు. ఆలోచించి, ఒప్పుకుని, బ్యాంకు కాగితం మీద బిడ్డ కూడా సంతకం చేస్తే అది నిజమైన ఒప్పందం. పెద్దవాడైన బిడ్డ బ్యాంకుకు బాకీపడటంలో అవమానం లేదు. కన్నవారికి బాకీపడటంలోనే చిక్కు ఉంది.

ఇక్కడ పునీత అగస్టీను వారి తండ్రి జ్ఞాపకం వస్తాడు. పత్రీషియసు ఆఫ్రికాలోని తగాస్తె అనే చిన్న పట్టణంలో సామాన్య గృహస్థుడు. కొడుకును కార్తేజులో చదివించడానికి సొమ్ము కూడక, అగస్టీను పదహారవ ఏట చదువు ఆగి ఇంటిపట్టున ఉండవలసి వచ్చింది. తాహతుకు మించి ఖర్చుపెడుతున్నాడని, ఎంతో ధనవంతులు కూడా బిడ్డలకు ఇంత చేయరని ఊరంతా ఆ తండ్రిని మెచ్చుకుంది. కాని పెద్దయిన తరువాత అగస్టీను వారు తమ ఆత్మకథలో రాసుకున్నది వేరు. తాను చక్కగా మాట్లాడటం నేర్చుకుంటే చాలని తండ్రి అనుకున్నాడట. తాను దేవుని యెదుట ఎలాంటి మనిషిగా పెరుగుతున్నాడో పట్టించుకోలేదట. ఫీజు కట్టిన తండ్రి మీద కొడుకు మోపిన ఫిర్యాదు అది. ఎంత పెట్టావని కాదు, నన్ను చూశావా అని.

విచారణ చేయగలిగినది

15వ శతాబ్దంలో ఇటలీలో వడ్డీ వ్యాపారుల చేతిలో పేదలు నలిగిపోతున్నప్పుడు ఫ్రాన్సిస్కను సభ సన్యాసులు ప్రసంగాలతో ఆగలేదు. 1462లో పెరూజియా నగరంలో పేదలకు చిన్న వస్తువుల కుదువ మీద అప్పిచ్చే నిధిని ప్రారంభింపజేశారు. నిర్వహణ ఖర్చుకు సరిపడా స్వల్ప రుసుము తీసుకోవడం తప్పు కాదని 1515లో ఐదవ లాటరను మహాసభ అంగీకరించింది. మనం అంత చేయలేకపోవచ్చు. కాని ప్రతి విచారణలో బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. జూన్, జూలై ఆదివారాలలో పూజ తరువాత ఒక బల్ల వేసుకుని కూర్చుని, దరఖాస్తులు నింపిపెట్టి, విద్యారుణం గురించి, స్కాలర్‌షిప్పుల గురించి చెప్పవచ్చు. విన్సెంట్ డి పాల్ సభ వారు బియ్యం ఇచ్చినట్టే, ఒక బిడ్డ పరీక్ష ఫీజు కట్టవచ్చు. కలిగినవారు పండుగ విందులో కొంత తగ్గించి మిత్తి లేని అప్పు ఇవ్వవచ్చు. అది గుడికి కట్టే గంట కంటే దూరం వినబడుతుంది.

చివరిగా ఒక మాట. పరలోక జపంలో మనం పాపాలకు వాడే మాట ఏమిటో గమనించారా? అప్పులు! తీర్చలేనంత అప్పుపడిన మనలను తండ్రి తన బిడ్డలని పిలిచారు. నోటు చూపించి పిలవలేదు. ఆ జపాన్ని ఈ రాత్రి మీ ఇంట్లో కుటుంబమంతా కలిసి చెప్పేటప్పుడు, కాలేజీకి పోయే మీ బిడ్డ వైపు ఒకసారి చూడండి. మీ మీద ఉన్న అప్పు మీదే, దానిని నిజాయితీగా తీర్చండి. బిడ్డ మాత్రం దేవుడు మీకిచ్చిన వరం. ఆ వరం మీద మిత్తి వేయకండి.